చినుకు పడితే మాయమయ్యే బొమ్మ

సాంకేతిక విద్య నేర్చి, మూడు దశాబ్దాలకు పైగా యంత్రాల నడుమ గడిపిన వారి ఇంట్లో టీవీ సరిగా రాదంటే ఇరుగుపొరుగు ఒక పట్టాన నమ్మరు. "మీరే ఇంజనీరు కదండీ!" అంటారు. ఆ మాటలో సానుభూతి పాలెంతో, ఎత్తిపొడుపు పాలెంతో కొలిచే మీటరు మా విభాగంలో కూడా లేదు. అందుచేత డిజిటల్ టీవీ, రేడియోల మూలంగా గత కొన్నేళ్ళుగా మా ఇంటిల్లిపాదీ పడుతున్న అవస్థను సహోద్యోగ మిత్రులకూ, వారి కుటుంబ సభ్యులకూ సవివరంగా మనవి చేసుకోవడమే మేలని తోచింది. ఇందులో కొంత మొర ఉన్నది, కొంత లెక్క ఉన్నది. లెక్క రుచించనివారు మొర వరకు చదువుకోవచ్చు.

మేము విశాఖపట్నంలో, టౌన్‌షిప్ క్వార్టరులో, మూడవ అంతస్తులో నివసిస్తున్నాము. ఇంట్లో ఉండేది మేము, మా శ్రీమతి, మా అమ్మ. పిల్లలు ఉద్యోగాల పేరిట వేరే ఊళ్ళలో ఉన్నారు. వారికి టీవీ అన్నా చేతిలోని ఫోనే కనుక ఈ కథలో వారికి పాత్ర లేదు. అమ్మకు 82 ఏళ్ళు. చూపు మందగించింది. ఫోను తెర మీద వేలితో తోయడం ఆమెకు అలవడలేదు. అలవాటు చేసుకోవలసిన అగత్యం తనకు లేదని ఏనాడో తేల్చి చెప్పింది. వార్తలు, భక్తిరంజని, సాయంత్రం ఒక సీరియలు, ఈ మూడే ఆమెకు బయటి లోకం. అవి ఆగిపోయిన పూట ఇల్లు ఎలా ఉంటుందో, ఇంట్లో పెద్దవారున్న వారికి వేరే చెప్పనక్కరలేదు.

మా తరం వారు టీవీ చూసి నేర్చుకున్నది తక్కువ, టీవీని రప్పించుకోవడంలో నేర్చుకున్నది ఎక్కువ. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైనా, మా చిన్న ఊరికి బొమ్మ చేరింది 1980ల నడిమి కాలంలో, తక్కువ శక్తి గల రిలే ట్రాన్స్‌మిటర్లు పట్టణాలలో వెలసిన తరువాతనే. ఊరి చుట్టూ కొండలు. ఇనుప పైపు చివర అల్యూమినియం యాంటెన్నా, దాని కింద బూస్టరు. ఒకరు మేడ మీద పైపు తిప్పేవారు, ఒకరు మెట్ల మీద నిలబడేవారు, మరొకరు టీవీ ముందు కూర్చునేవారు. "వచ్చిందా?" "వచ్చింది... పోయింది... కొంచెం వెనక్కి!" ఆ కేకలు వీధి చివర వరకు వినబడేవి. 1987లో ఆదివారం ఉదయం రామాయణం వేళకు మా ముందుగది నిండిపోయేది. ముసురుకున్న చుక్కలలోంచి రాముడెవరో లక్ష్మణుడెవరో జనం పోల్చుకునేవారు. బొమ్మ చెడినా మాట వినబడేది. మాట చెడినా బొమ్మ కదిలేది. ఏదో ఒకటి మిగిలేది.

బొమ్మ పక్కనే మరో నీడబొమ్మ పడేది, గుర్తున్నదా? గోస్ట్ అనేవారము. కొండకు తగిలి ఆలస్యంగా వచ్చిన అదే సంకేతం అది. తెర మీద ఒక గీత ఈ చివర నుంచి ఆ చివరకు గీయడానికి పట్టే కాలం 52 మైక్రోసెకన్లు. 40 సెంటీమీటర్ల వెడల్పు తెర మీద నీడ ఒక సెంటీమీటరు పక్కకు పడిందంటే 1.3 మైక్రోసెకన్లు ఆలస్యమైనట్లు. అనగా రమారమి 390 మీటర్లు చుట్టు తిరిగి వచ్చినట్లు. ఇంజనీరింగ్ చదివే రోజులలో సెలవులకు ఇంటికి వచ్చి, తెర మీద స్కేలు పెట్టి కొలిచి, ఆ నీడ ఏ కొండ నుంచి వస్తున్నదో తేల్చాము. నాన్నగారు లెక్క అంతా ఓపికగా విని, "అయితే ఇప్పుడా కొండను జరుపుతావా?" అన్నారు.

కొండను జరపలేకపోయినా యాంటెన్నాను జరపగలిగాము. లోపం తన ఆనవాలు తెర మీదనే వ్రాసి చూపేది. చుక్కలు పెరిగితే సంకేతం నీరసించిందని, నీడ పడితే కొండ అడ్డమని, గీతలు నడిస్తే వీధిలో స్కూటరు వెళుతున్నదని చదువు లేని వారు కూడా చెప్పేవారు. డిజిటల్ వచ్చి ఈ ఆనవాళ్ళన్నిటినీ తుడిచివేసింది. మా ఫిర్యాదంతా ఇక్కడే ఉన్నది.

కేబుల్ ప్రసారాలను డిజిటల్ చేయడానికి విశాఖపట్నం వంటి 38 నగరాలకు 2013 మార్చి 31 గడువు పెట్టారు. పెట్టె ఎలాగూ తప్పదు కనుక డిష్ పెట్టించుకుందామని ఇంట్లో నిర్ణయమైంది. మొదటి రోజు బొమ్మ చూసి మేము నిజంగానే ముచ్చటపడ్డాము. చుక్క లేదు, నీడ లేదు. ఆకు మీద నీటిబొట్టు కూడా కనబడింది. ఆ తరువాత మూడు వారాలకు తొలకరి వచ్చింది. నాలుగు చినుకులు పడ్డాయి. బొమ్మ గళ్ళు గళ్ళుగా గడ్డకట్టి, మరుక్షణంలో మాయమైంది. తెర మీద సంకేతం అందడం లేదన్న ఒక్క ముక్క. అమ్మ అడిగింది: "ఒరే నాయనా, కరెంటు ఉన్నది కదా, బొమ్మ ఏమైంది?"

ఆ ప్రశ్నకు జవాబు కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. అంకెలుగా మార్చిన సంకేతం దారిలో కొంత చెడిపోతుందని ముందే తెలుసు కనుక, దానిని సరిదిద్దే ఏర్పాటును కూడా వెంట పంపుతారు. రీడ్, సాలమన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1960లో ప్రకటించిన పద్ధతి ఇది. తొలితరం ఉపగ్రహ టీవీ ప్రమాణంలో 188 బైట్ల సరుకు మూటకు 16 బైట్ల కాపలా తోడు వస్తుంది. మూటలో 8 బైట్ల వరకు చెడిపోతే పెట్టె వాటిని ఉన్నవి ఉన్నట్లు సరిచేస్తుంది, చూసేవారికి తెలియనే తెలియదు. తొమ్మిదవది చెడితే ఆ మూట పనికిరాదు. లోపల మరొక కాపలా కూడా ఉంటుంది, దాని గొడవ ఇక్కడ వద్దు. తాత్పర్యమేమంటే, ఎనిమిది తప్పులున్న బొమ్మా, ఒక్క తప్పూ లేని బొమ్మా కంటికి ఒకటే. సంకేతం క్షీణిస్తూ వచ్చినంతసేపూ తెర నవ్వుతూనే ఉంటుంది. ఆ పైన అడుగు పడేది అగాధంలోనే.

మన కర్మాగారంలో ఏ బేరింగునూ ఇలా నడపనివ్వము. ఉష్ణోగ్రత పెరిగితే మొదట అలారం మోగుతుంది, ఇంకా పెరిగితేనే యంత్రం ట్రిప్ అవుతుంది. ఆ నడిమి వ్యవధిలోనే మనిషి చేయవలసినది చేస్తాడు. ఇంటికి వచ్చే టీవీ పెట్టెలో మటుకు అలారం లేదు, ట్రిప్ ఒక్కటే ఉన్నది. సిగ్నల్ స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు పట్టీలు ఉండకపోవు, కాని అవి మెనూలో నాలుగు మెట్లు దిగితే గాని కనబడవు. అమ్మ వంటివారు అక్కడికి దిగగలరా?

ఇక వాన సంగతి. ఈ డిష్‌లు పనిచేసేది కేయూ బ్యాండులో. తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. వానచినుకు కొన్ని మిల్లీమీటర్లు. కొలతలో అంత దగ్గరి చుట్టాలైనందువల్ల చినుకు ఆ తరంగాన్ని కొంత మింగుతుంది, కొంత చెదరగొడుతుంది. దూరదర్శన్ వారి ఉచిత డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్దనున్న ఉపగ్రహం నుంచి వస్తాయి. విశాఖ నుంచి లెక్కిస్తే అది దక్షిణానికి తూర్పుగా, నేలకు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. 36,000 కిలోమీటర్లు క్షేమంగా వచ్చిన సంకేతం, వాన ఉన్న చివరి ఐదున్నర కిలోమీటర్లలో చితికిపోతుంది. పైగా ఆ దిక్కున ఉన్నది సముద్రం. మా డిష్ చూసే దిక్కూ, తుఫాను వచ్చే దిక్కూ ఒకటే అయినవి.

వానకు చెదరని పద్ధతి లేదా అంటే, మన దేశంలోనే ఉండేది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు టీవీ చూపించారు. ఆ తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. ఎంత కుంభవృష్టి అయినా దానికి లెక్కలేదు. అయితే ఊరూరా మూడు మీటర్ల వల డిష్ నిలబెట్టవలసి వచ్చింది. అంత డిష్ మన బాల్కనీలో పట్టదు. తరంగం పొట్టిదైన కొద్దీ డిష్ చిన్నదైంది, చినుకు పెద్దదైంది. ఈ బేరం కుదిర్చేటప్పుడు మన బాల్కనీని తలచుకున్నవారు మన వర్షాకాలాన్ని కూడా ఒకసారి తలచుకొని ఉండవలసింది.

మూడేళ్ళ క్రితం వర్షాకాలంలో బొమ్మ మరీ అధ్వాన్నమైంది. మబ్బు పట్టితే చాలు, పోయేది. సేవలందించే సంస్థకు ఫోను చేస్తే రికార్డు చేసిన గొంతు ముందు, మనిషి తరువాత. టెక్నీషియన్ రెండు రోజులకు వచ్చేవాడు. అప్పటికి ఎండ కాసేది, బొమ్మ నిగనిగలాడేది. "బాగానే ఉంది కదా సార్" అనేవాడు. మా ఫిర్యాదు వానలో పుట్టి ఎండలో విచారణకు వచ్చేది. కొట్టివేయక ఏం చేస్తారు? మూడుసార్లు పెట్టె మార్చారు. మూడవసారి అమ్మ అతనికి మజ్జిగ ఇస్తూ, "వాన పడేటప్పుడు రా నాయనా" అన్నది. "వానలో మేడ ఎక్కనివ్వరు మామ్మగారూ" అన్నాడు పాపం. వాడి తప్పేమున్నది?

అప్పుడు మేము మన కర్మాగారపు పద్ధతికి దిగాము. లాగ్‌బుక్ తెరిచాము. రోజుకు మూడు వేళల క్వాలిటీ అంకె, ఆకాశం స్థితి. మేము డ్యూటీలో ఉన్నప్పుడు మా శ్రీమతి వ్రాసేది. "మబ్బు", "గాలి", "చినుకు", ఒకచోట "ఆవకాయ ఎండబెట్టాను, వాన రాదు" అని కూడా ఉన్నది. నెల రోజుల అంకెలు గీత గీసి చూస్తే, నిర్మలమైన ఎండలో కూడా క్వాలిటీ వారం వారం దిగజారుతున్నది. అంటే తప్పు మబ్బుది కాదు. మేడ ఎక్కి డిష్ వద్ద కేబుల్ కనెక్టరు విప్పితే నడిమి రాగితీగ నల్లబడి ఉన్నది, జాలీ పొడి అయి రాలింది. సముద్రపు గాలి చేసిన పని. తీగ కత్తిరించి, కొత్త కనెక్టరు బిగించి, నీరు చొరని టేపు చుట్టి, నీరు తీగ వెంట లోపలికి జారకుండా కింద ఒక వంపు వదిలాము. ఖర్చు వంద రూపాయల లోపు. మూడు పెట్టెలు మార్చినవారు ఆ కనెక్టరును ఒక్కసారి విప్పి చూడలేదు. ఎండలో బొమ్మ బాగుంటే లోపం లేదనే పాఠం వారికి నేర్పినది ఈ డిజిటల్ విధానమే.

పాతికేళ్ళ బొమ్మలో అయితే ఆ తుప్పు మొదటి వారంలోనే చుక్కలై కనబడి ఉండేది.

ఆ తరువాత 60 సెంటీమీటర్ల డిష్ తీసి 90 సెంటీమీటర్లది పెట్టాము. మూడున్నర డెసిబెల్ లాభం. ఓ మోస్తరు వానకు ఇప్పుడు బొమ్మ నిలుస్తున్నది. కుండపోతకు పది డెసిబెల్ దాటి నష్టం కాబట్టి దానికి దండం పెట్టి ఊరుకోవలసిందే. మార్చి నడుమ, అక్టోబరు మొదట సూర్యుడు సరిగా ఉపగ్రహం వెనుకకు వచ్చి, కొన్ని రోజులు మధ్యాహ్నం పన్నెండు లోపు నాలుగైదు నిమిషాలు బొమ్మ పోతుంది. దానిని మేము లోపంగా లెక్కించడం లేదు. సూర్యుడికి ఆ మాత్రం మర్యాద ఉండాలి.

ఇంతవరకు చెప్పినది చిరాకు. 2014 అక్టోబరు 12 నాటిది చిరాకు కాదు. హుద్‌హుద్ తుఫాను ఆ ఆదివారం విశాఖ వద్ద తీరం దాటింది. గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. తుఫాను ఎక్కడి దాకా వచ్చిందో తెలియవలసిన సమయంలోనే, గాలి ముదరకముందే, వానకు మా బొమ్మ పోయింది. తరువాత కరెంటు పోయింది. ఆ తరువాత మొబైల్ ఫోన్లు మూగబోయాయి. కిటికీ అద్దాలు పగిలాయి. నడుమ కాసేపు గాలి ఆగింది; అయిపోయిందనుకొని కొందరు బయటికి వెళ్ళబోయారు. అది తుఫాను కన్ను. ఆవలి గోడ ఇంకా రావలసి ఉన్నదని చెప్పే గొంతు మా మెట్ల మీద ఒక్కటి కూడా లేదు. అమ్మే చెప్పింది, "ఎదురుగాలి వస్తుంది, లోపలికి రండి" అని. తన చిన్నతనాన చూసినదట.

ఆ రాత్రి అమ్మ తన ట్రంకుపెట్టెలోంచి నాన్నగారి పాత ట్రాన్సిస్టరు తీయించింది. మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే ఉన్న సెట్టు. టార్చిలైటు సెల్స్ తీసి అందులో వేశాము. ముల్లు తిప్పుతుంటే విజయవాడ కేంద్రం దొరికింది. అంత స్పష్టంగా మేము మీడియం వేవ్ ఏనాడూ వినలేదు. కారణం ఆ క్షణంలోనే తట్టింది: ఊరంతా చీకటి. ట్యూబులైట్లు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు, మోటార్లు, రొద చేసే యంత్రం ఒక్కటీ లేదు. రాత్రి వేళ పై వాతావరణంలోని అయాన్ల పొర తగిలి దూరపు కేంద్రం దిగివస్తున్నది. మెట్ల మీద మూడు అంతస్తుల వారు చేరి, దేశంలో మనం ఉన్నామనీ, మన సంగతి లోకానికి తెలుసుననీ ఆ చిన్న పెట్టె నోట విన్నారు. పక్క క్వార్టరులోని ఒడియా దంపతులకు తెలుగు అంతంత మాత్రం. అమ్మ ఒక్కొక్క వాక్యం మళ్ళీ నెమ్మదిగా చెప్పింది.

కరెంటు వచ్చిన రోజున ఆ ట్రాన్సిస్టరు మళ్ళీ గురగురలాడడం మొదలుపెట్టింది. ఆ రోజులలో మేము పట్టించుకోలేదు, పని అంత ఉన్నది. తరువాత అమ్మ రేడియో కోసం ఒక ఆదివారం శోధనకు కూర్చున్నాము. మెయిన్ ఆపితే గురగుర సగం పోయింది. ఆపైన ఒక్కొక్క స్విచ్చి వేస్తూ పోగా నేరస్థులు నలుగురు దొరికారు: చవక రకం ఎల్.ఇ.డి. బల్బులు మూడు, అందులో ఒకటి దేవుడి గదిలోది. వైఫై పెట్టె అడాప్టరు ఒకటి. వీటి లోపలి సర్క్యూట్లు క్షణానికి వేలసార్లు కరెంటును తెంచి కలుపుతూ మీడియం వేవ్ పొడుగునా రొద చిమ్ముతాయి; అడ్డుకొనే ఫిల్టరును మిగులు కోసం తీసివేస్తారు. బల్బులు మార్చి, అడాప్టరు తీగకు ఫెర్రైట్ దిమ్మ తొడిగాము. మన ఇంటి రొద తగ్గింది. పై ఇంటివారిది, కింద ఇంటివారిది ఉండనే ఉన్నవి. వారి దేవుడి గదిలోకి మేము ఎలా వెళతాము?

రేడియోకు కూడా డిజిటల్ మందు ఉన్నది. ఆకాశవాణి వారు దేశంలో 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను డి.ఆర్.ఎం. అనే పద్ధతికి సిద్ధం చేశారు. తెలుగు నేల మీద హైదరాబాద్, విజయవాడ కేంద్రాలు అందులో ఉన్నవి. ఆ మధ్య బంధువుల ఇంట పెళ్ళికి మిత్రుల కారులో విజయవాడ వెళుతుంటే, ఏలూరు సమీపించేసరికి ఆ కారు రేడియో దానంతటదే డిజిటల్‌కు మారింది. గురగుర లేదు, గొంతు పక్కనే కూర్చున్నట్లున్నది. అమ్మ ముఖం వెలిగింది. ఒక వంతెన కిందికి వెళ్ళగానే నిశ్శబ్దం. సన్నగిల్లడం కాదు, నిశ్శబ్దం. అవతలికి వచ్చాక రెండు మూడు క్షణాలకు మళ్ళీ గొంతు. "ఇది కూడా ఆ బాపతేనా?" అన్నది అమ్మ. ఆ బాపతే. పైగా అటువంటి సెట్టు ఇంట్లోకి కొందామంటే ధర సామాన్య ట్రాన్సిస్టరుకు ఎన్నో రెట్లు. మా నగరంలో వాకబు చేసిన అంగళ్ళలో అసలు దొరకలేదు. కారు కొంటే రేడియో వస్తుంది, రేడియో కొందామంటే రాదు.

డిజిటల్‌కు మేము విరోధులము కాము. 2022 నాటికి కొన్ని వ్యూహాత్మక ప్రాంతాలు మినహా పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ మూసివేసింది; ఆ యాంటెన్నాలు తిరిగి రావు, రావాలని మేడ ఎక్కి తిప్పే వయసూ మాకు లేదు. మేము అడిగేది ఒక్కటే: పెట్టె ముఖం మీద ఒక పచ్చదీపం, ఒక పసుపుదీపం. క్వాలిటీ పడిపోతుంటే పసుపుదీపం వెలగాలి. అంకె పెట్టె లోపల ఎలాగూ ఉన్నది. దానిని బయటికి తేవడానికి దీపం ఖరీదు తప్ప మరేమీ కాదు. ఈ మాట పెట్టె తయారుచేసే వారికి రెండుసార్లు వ్రాశాము. "మీ సూచన మాకు అమూల్యం" అని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది.

మన చేతిలో ఉన్న పని ఇంకొకటి ఉన్నది. మన టౌన్‌షిప్ తుఫాను సన్నాహాల జాబితాలో టార్చిలైట్లు, తాళ్ళు, క్లోరిన్ బిళ్ళలు, గొడ్డళ్ళు ఉన్నాయి. రేడియో లేదు. ఒక్కొక్క మెట్ల దారికి సెల్స్‌తో నడిచే మీడియం వేవ్ ట్రాన్సిస్టరు ఒకటి, అదనపు సెల్స్‌తో సహా, ఆ జాబితాలో చేర్చవలసిందని గత వేసవిలో సంక్షేమ కమిటీకి నోట్ పెట్టాము. వారు కాదనలేదు. ఫైలు మీద "మూడు కొటేషన్లు జతపరచవలెను" అని వ్రాసి పంపారు. రెండు దొరికాయి. తక్కిన అంగళ్ళ వారు ఎఫ్.ఎం. మాత్రమే ఉన్న సెట్లు చూపుతున్నారు. అక్టోబరు దగ్గరపడుతున్నది కనుక, మీడియం వేవ్ సెట్టు అమ్మే మూడవ దుకాణం నగరంలో ఎక్కడున్నదో పాఠక మిత్రులలో ఎవరికైనా తెలిస్తే, మా విభాగానికి ఒక చీటీ వ్రాసి పంపవలసిందిగా కోరుతున్నాము.